వాన పడితే వెళదాం

మ్యూజియంకి కాపలా అయితే మాత్రం అంత గట్టిగా అరవాలా అండీ? గోడమీది ఆ బొమ్మని మా ఆయనేమన్నా కొరుక్కు తింటాడా? ఆ అలారం పెట్టె కుయ్యిమని మోగిందో లేదో పరిగెత్తుకొచ్చేశారు. ముసలాయన హడలిపోయాడు.

నేలమీది గీత దాటాడు, నిజమే. కనపడితే కదా ఆగడానికి.

తాగలేదండీ, అదేం మాట. మా ఆయనకి చూపు పోతోంది. ఎటు చూసినా నడిమధ్యలో బూడిదరంగు మచ్చ అడ్డమొస్తోందట, అంచుల్లో కాస్త మసగ్గా తెలుస్తుందట. బాగా దగ్గరికెళ్తే ఏమన్నా కనిపిస్తుందేమోనని ఆశ.

చొక్కా మీద ఐలిఫ్ అని ఉంది, మీ పేరేనా? ఐలిఫ్ గారూ, ఇలా పక్కకి రండి, ఆయనకి వినపడకుండా చెప్తా.

ఆ చేపల బజారు బొమ్మలో ఎడమవైపు, నీలం తలగుడ్డ కట్టుకుని చేప కోస్తోందే, ఆవిడ మా అత్తగారు. ఆవిడ పోయేనాటికి మా ఆయన ఓద్వార్‌కి తొమ్మిదేళ్లు. ఆ మరుసటేడు ఇల్లు కాలిపోయింది, ఒక్క ఫొటో మిగల్లేదు. ఈ భూమ్మీద ఆవిడ మొహం ఉన్నది ఈ గోడమీదే.

ఈ బొమ్మ అచ్చేసిన కార్డా? కొన్నాం, కింద మీ దుకాణంలోనే. అందులో ఆవిడ మొహం బఠాణీ గింజంత.

ఏప్రిల్లోనే చెప్పింది కళ్ల డాక్టరమ్మ, చూడాలనుకున్నవన్నీ తొందరగా చూసేసుకోమని. ఆ సాయంత్రమే అడిగాడు, అమ్మని చూసొద్దామా అని.

నేనేమన్నానో తెలుసా? వాన పడితే వెళదాంలే అన్నా.

మీరూ ఈ బెర్గెన్ వాళ్లేగా, మీరే చెప్పండి. ఎండ కాసిన రోజు గోడల మధ్య కూర్చుంటామా మనం? మా అమ్మయితే చేతిలో పుస్తకం లాక్కుని మరీ బయటికి తరిమేది. ఎండొస్తే కొండెక్కాలి, పడవ తియ్యాలి. ఇలాంటి చోట్లకి వానరోజే. మన ఊళ్లో వానకేం కరువు, ఎల్లుండికి పడకపోతుందా అనుకున్నా.

పడలేదు. ఐదు వారాలు చుక్క పడలేదు. ఆ ఎండలకి ఊరంతా ఎంత మురిసిపోయిందో మీకూ గుర్తుండే ఉంటుంది. నేనూ మురిశా. గోడకి వీపు ఆనించి, మొహం ఎండకి పెట్టి, స్ట్రాబెర్రీలు తింటూ కూర్చున్నా. ఆయన రోజూ అడిగేవాడు, నేను రోజూ అదే మాట. ఒకరోజు కప్పులో పొయ్యాల్సిన కాఫీ బల్లమీద పోశాడు. ఆ తర్వాత అడగడం మానేశాడు.

ఇవాళ పొద్దున వాన చప్పుడు వినగానే తనే కోటు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడండీ.  

ఒక్క నిమిషం. మీరు ఆ కిటికీ దగ్గరికెళ్లి వాన ఎలా ఉందో చూడండి, అంతే. పెట్టె మోగితే దానంతటదే మోగిందనుకోండి. ఆయన చేతులు నేనే పట్టుకుంటా, బొమ్మని తాకనివ్వను. మీ ఉద్యోగం సంగతి నాకు తెలీదా? కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటా.

వెళ్తున్నారా? మీ మేలు మర్చిపోను.

*

చాలండీ. ఇటు తిరగండి.

చూశాడట. నీలం తలగుడ్డ అలాగే ఉంది, తనివితీరా చూశానన్నాడు.

పక్కనే ఉన్నాను కదా, ఐలిఫ్ గారూ. బొమ్మకి బెత్తెడు దూరంలో నిలబడ్డాడు. కాసేపు అటూ ఇటూ తల తిప్పాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు. ఆ మాటలన్నీ కళ్లు మూసుకునే చెప్పాడు.

ఇంకా ఏమన్నాడో వింటారా? నా చెయ్యి నిమురుతూ, "అన్ని ఎండరోజులు పాడుచేసుకోకుండా మంచిపని చేశావే, బోర్గిల్" అన్నాడు.

ఎగతాళికి కాదండీ, నిజంగానే అన్నాడు. ఒక్క తిట్టు తిట్టినా బతికిపోయేదాన్ని.