గుమ్మంలో ఆగిపోయిన లక్ష్మణమ్మ

ఆమదాలవలస స్టేషనుకెదురుగా జగ్గమ్మ టీ కొట్టు. బయట ముసురు. ఇంగ్లీషు అర్జీలు రాసే అప్పలసూరి బెంచీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పక్కన ఆటో దేవేంద్ర. ఆ పక్కన, అర్జీ రాయించుకోడానికి సముద్రపొడ్డు నుంచి వచ్చిన గున్నమ్మ.

"ఇంగ్లీషు ముక్కంటే ఏటనుకున్నావురా దేవేంద్రా? ఎవులు, ఏటి సేసినారు, ఎక్కడ సేసినారు, అన్నీ కూకోవాల, ఆకర్ని సుక్క పడాల. అలగ నిండుగా రాసినోడు సికాకులం, ఇజీనారం రెండు జిల్లాల్లోనూ నానొక్కడినే. రాజాం అసిరయ్య గేది తప్పిపోతే, 'నల్ల గేది సాలకి వచ్చినాది' అని ఇంగ్లీషులో రాసీసినాను. సుక్క ఎట్టి తలెత్తితే గేది సాలలో నెమరేస్తన్నాది!"

"ఆకలేసి వచ్చుంటాది మావా" అన్నాడు దేవేంద్ర.

"ఒరే, అడ్డు తగలకు. ఓపాలి కొత్తవలసలో పేసింజరు ఎంతకీ రాదు. కంప్లైంటు పుస్తకంలో 'బండి వచ్చినాది' అని రాసినాను. వచ్చీసినాది! ఆ తర్వాత ఏటైనాదో తెలుసా? బండి నిండా లైట్లు, ఒక్క మడిసి నేడు. డ్రైవరూ నేడు. నాను మనుసుల్ని రాయనేదు కదా మరి!"

జగ్గమ్మ స్టవ్ తగ్గించింది.

"అదేటి గొప్ప!" అన్నాడు అప్పలసూరి. "మా ఈదిలో లక్ష్మణమ్మ అని ముసల్ది, సచ్చిపోయి ఎనిమిది రోజులైనాది. ఎలగ పోనాదో బీమావోల్లకి రాయమన్నాడు కొడుకు. 'లక్ష్మణమ్మ గుమ్మంలోకి వచ్చి' అన్నకాడికి ఇంకు అయిపోనాది. రేపు సూద్దాంలే అని ఇంటికెల్లి సూద్దునా, మా గుమ్మంలో ముసల్ది! ఒక కాలు లోన, ఒక కాలు బయట. లోనకి రాదు, ఎల్లిపోదు. మూడ్రోజులు బాబో! కుక్క అరవనేదు. మా ఇంటిది పక్కనుంచి ఒదిగి ఒదిగి నీల్లకెల్లీది. నాలుగోనాడు రీఫిల్లు కొని 'ఎల్లిపోనాది' అని సుక్క ఎట్టినాను. గుమ్మం ఖాళీ! ఇప్పటికీ ముసురేస్తే ఆ గడప మీద ఒంటికాలి తడి తేల్తాది."

అందరి చూపూ కొట్టు గుమ్మం మీదికి పోయింది.

"బాబూ" అంది గున్నమ్మ. "మా ఆయన గుజరాతు బోటుకెల్లి ఐదు నెల్లైనాది. బోటు మునిగిపోనాదంట, మా ఊరోల్లు దినం సేసీమంతన్నారు. నాను సెయ్యనన్నాను. ఓనరుకి అర్జీ తర్వాత రాద్దువు గానీ, ముందు 'శివాజీ ఇంటికొచ్చినాడు' అని రాసీ బాబూ. సుక్క ఎట్టకపోయినా పర్నేదు. ఒక కాలు లోన, ఒక కాలు బయట నిలబడినా సాలు. నాను సూసుకుంటాను."

అప్పలసూరి జేబు తడుముకున్నాడు. "పెన్నులో ఇంకు..."

"ఇదిగో, పొద్దున్నే కొన్నాను" అని జగ్గమ్మ కొత్త పెన్ను చేతిలో పెట్టింది. "రాయి మరి, సూద్దుము."

పెన్ను కాయితం మీద ఆనింది. కదల్లేదు. గున్నమ్మ అప్పటికే గుమ్మం వైపు తిరిగి కూర్చుంది.

"అన్నీ కోతలే తల్లీ" అన్నాడు అప్పలసూరి తలొంచుకుని. "గేదీ నేదు, బండీ నేదు. లక్ష్మణమ్మ ఇప్పటికీ మా ఈదిలో ఇడ్లీలమ్ముతన్నాది. అర్జీ ఒక్కటే నాకొచ్చు."

గున్నమ్మ చాలాసేపు గుమ్మాన్నే చూసింది.

"అయితే 'ఇంకా రానేదు' అని రాయి బాబూ."

అప్పలసూరి అక్షరం అక్షరం కూడబలుక్కుని, శివాజీ ఇంకా ఇంటికి రాలేదని ఇంగ్లీషులో నిండుగా రాశాడు. చుక్క పెట్టబోతుంటే గున్నమ్మ అతని చెయ్యి పట్టుకుంది.