కడిగొచ్చిన డబ్బా

ఏంది సార్, నేను దొంగతనంగ చక్కెర ఏస్తున్ననా? మీ కూరల్ల? ఈ చేతులతోనా?

మేడం అంటుంటె విన్నరు గద. ఈడనే, ఈ సోఫాల, కట్టుగట్టిన కాలు బల్ల మీద పెట్టుకొని విన్నరు. "అనసూయమ్మా, నువ్వు నూనె గుమ్మరిస్తున్నవ్, చక్కెర కలుపుతున్నవ్. లేకుంటె ఐదు నెలల సంది పత్యం తినే మనిషికి షుగర్ ఎట్ల పెరుగుతది? సోమవారం సంది రాకు" అన్నది. మీరు ఫోన్ చూస్కుంట కూసున్నరు. "ఆమె తప్పేం లేదు ప్రియాంకా" అని ఒక్క మాట! ఆ మాటంటె మీ నోట్లెకెళ్లి ముత్యాలు రాలుతుండెనా?

మెల్లగనా? ఎందుకు మెల్లగ? మేడం మీటింగ్‌ల ఉన్నది, తలుపేసుకున్నది. చెవులల్ల అవి పెట్టుకుంటె ఇంటి మీద పిడుగు పడ్డా ఆమెకు వినపడది. లేవకుండ్రి మీరు. ఆ కాలుతోని యాడికి వోతరు?

పదేండ్ల సంది ఇండ్లల్ల వండుతున్న సార్. ఉప్పెక్కువైంది అన్నరు, కారం తక్కువైంది అన్నరు, పడ్డ. మనిషికి విషం పెడుతున్నవని ఎవ్వరు అనలే. ఇయ్యాల అన్నరు.

మీ ఆఫీసోళ్లు పెట్టిండ్రు గద, ఆరోగ్యం పోటీ అని. ఫోన్ల ఒక పిల్ల వచ్చేది, ఏమంటరు ఆమెను, కోచ్. ముద్ద ముప్పై రెండుసార్లు నమలాలె అన్నది. తినేటప్పుడు టీవీ వద్దు, ఫోన్ వద్దు, తిండి మీదనే మనసు పెట్టాలె అన్నది. తినేముందు డబ్బా ఫోటో దించి గ్రూపుల పెట్టాలె అన్నది. నేను వంటింట్ల నిలవడి అన్ని విన్న. మంచి మాటలే గద అనుకున్న. మా నాయిన సుత గదే అంటుండె, కంచం ముంగట పెట్టుకొని కథలు చెప్పకు, బువ్వ చూస్కుంట తిను అని. ఆయినకు ఎవ్వరు జీతం ఇయ్యలే, గంతే.

ఆ కోచ్‌కి తినకముందు ఫోటో కావాలె. తిన్నంక ఫోటో ఎందుకు అడగలేదు సార్? జర చెప్పుండ్రి.

నేను చెప్త ఇగ.

కొర్రలు రాత్రే నానబెట్టి వోతుంటి. పొద్దుగాల ఐదింటికి మియాపూర్‌ల లేచి, ఆటో పట్టుకొని, ఈ ప్రగతి నగర్‌కి ఉరికొచ్చి, మీ డబ్బా కడుతుంటి. కొర్రన్నం ఒక గిన్నెల, మెంతి పప్పు ఒక గిన్నెల, కీరదోస ముక్కలు ఒక గిన్నెల. మూత మీద మేడం గోళ్ల రంగుతోని ఎర్ర బొట్టు పెట్టింది, ఆఫీసుల మారిపోతదని. మొదటి పది దినాలు డబ్బా మాపటికి ఎట్ల వస్తుండె? మెతుకులు అంటుకొని, అడుగున పప్పు ఎండి, మామూలు మొగోని డబ్బా లెక్క వస్తుండె. తర్వాత ఒక దినం కడిగొచ్చింది.

మేడం మురిసిపోయింది. "చూసినవా అనసూయమ్మా, సార్ డబ్బా సుత కడుక్కుంటున్నరు, ఎంత మారిండ్రో!" అన్నది. తాగిన గిలాస ఈ బల్ల మీదికెళ్లి ఆ సింక్‌ల పెట్టని మనిషి ఆఫీసుల డబ్బా తోముతడా? ఆమె నమ్మింది. పెండ్లాం గద.

నేను మూత తీసిన. లోపల పేపర్ ముక్క. నాలుగు మడతలు పెట్టి, అడుగున పరిచి ఉన్నది, వాసన రావొద్దని.

సార్, కడిగిన డబ్బాల పేపర్ గట్ల మడత పెట్టేటోన్ని నేను ఒక్కన్నే చూసిన. ఇరవై రెండేండ్ల సంది వాని తోనే కాపురం చేస్తున్న.

ఆ, నర్సయ్య. మీ రాయదుర్గం ఆఫీసుల కింద కారు గేటు కాడ నిలవడతడు సూడు, నీలం అంగి, తెల్ల మీసాలు. మీకు సలాం కొడ్తడు. ఆయిన నా పెనిమిటి.

ఏంది, గట్ల చూస్తరు? మా ఆయిన సెక్యూరిటీ అని నేను పనిల చేరిన్నాడే చెప్పిన. ఏ బిల్డింగ్ అని మీరెన్నడన్న అడిగిండ్రా?

పైన ఫోటో దించుడు, గ్రూపుల పెట్టుడు, కిందికొచ్చి డబ్బా నర్సయ్య చేతుల పెట్టుడు. పారేస్తె పాపం అనుకున్నరేమో, పుణ్యాత్ములు. అటెన్క దోస్తులతోని బిర్యానీకి వోవుడు. గ్రూపుల అందరు చప్పట్లు. మొదటి బహుమతి మీకే! స్టీలు నీళ్ల సీస తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టిండ్రు. నేను దినాం తుడుస్తున్న దాన్ని.

ఆయిన ఇంటికొచ్చి చెప్తుండె. "అనసూయా, ఎవరో సారు మస్తు మంచోడు, దినాం నాకు డబ్బా ఇస్తడు. వండేటామె చెయ్యి నీ లెక్కనే ఉన్నది" అన్నడు. నేను ఊకున్న. చెప్తె సిగ్గుపడి తీసుకుంటడో లేదో అని.

నర్సయ్యకు సుత షుగరే సార్. రెండేండ్లయింది. పన్నెండు గంటలు నిలవడితె అరికాళ్లు మంటలు. బస్తీ దవాఖానల డాక్టరమ్మ గివ్వే చెప్పింది, తెల్లబువ్వ తగ్గియ్యాలె, కొర్రలు తినాలె, యాళ్లకు తినాలె అని. యాళ్లకు ఎవరు వండాలె? నాలుగిండ్లల్ల వండే నాకు నా ఇంట్ల పొయ్యి ముట్టియ్యనీకె తీరదు. రాత్రి బువ్వే పొద్దుగాల మామిడికాయ తొక్కేసి కట్టిస్తుంటి. నా మొగనికి నేను పెట్టలేని తిండి నా చేతితోనే, మీ డబ్బాల, నా మొగనికే పోతుంది. ఇదేం లీల అనుకొని మీ వంటింట్ల నవ్విన. ఏడ్సిన సుత.

పోయిన వారం ఆయిన రిపోర్ట్ వచ్చింది. షుగర్ దిగింది సార్. మంటలు తగ్గినయ్. డాక్టరమ్మ భుజం తట్టిందట. మీ రిపోర్ట్ నిన్న వచ్చింది. మీది పెరిగింది. బూటు కరిచిన పుండు మూడు వారాలైనా మానుతలేదు. ఇంకో నెల గిట్లనే ఉంటె కాలి ఏలు తీసెయ్యాలె అన్నడు మీ పెద్ద డాక్టరు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పు నా నూనె మీద పడ్డది.

మీరు తప్పు చేసిండ్రు, చెప్పలేదు. నోరు మూస్కొని నన్ను బలి ఇచ్చిండ్రు. నలభై ఏండ్లు దాటని మనిషి, బడికి వోయే ఎనిమిదేండ్ల బిడ్డ, మీకు మీ కాలు మీద సుత దయ లేదా సార్? ఎవరిని మోసం చేసిండ్రు? ఆ కోచ్‌నా? ఆమె ఏలు పోతదా?

ఏడ్వకుండ్రి. గిప్పుడు ఏడిస్తె ఏమొస్తది.

ఇగ నా ముచ్చట సుత వినుండ్రి. అది చెప్పకుంట వోతె నాకు అన్నం పోదు.

నర్సయ్యకు దంతాలు లేవు సార్, ఎనక దౌడపండ్లు. కొర్రన్నం పలుకుగ ఉంటె నమలలేడు. డబ్బా ఆయినకు వోతుందని తెలిసిన్నాటి సంది నేను మెత్తగ వండిన. పచ్చిమిర్చి ఆయినకు ఇష్టమని రెండెక్కువ ఏసిన. చింతచిగురు ఏసిన. మేడం చెప్పిన కూరలు ఆమె ముంగట కోసి, ఆయిన తినేతీరు వండిన.

మూడో నెలల ఒక దినం మీరు వంటింట్లకు వచ్చిండ్రు. యాదికున్నదా? "అనసూయమ్మా, అన్నం మెత్తగైతుంది, కారం ఎక్కువైతుంది, జర పలుకుగ వండవా" అన్నరు. మెల్లగ, మర్యాదగ అన్నరు.

నాకు సమజైంది సార్. ముద్ద నోట్లె పెట్టకుంట ఆ మాట అనరు. ఆ దినం మీరు తిన్నరు. మళ్ల మొదలు పెడ్దామనుకున్నరు. ఎవ్వరు చెప్పకుంట, ఫోటో కోసం కాకుంట, మీ అంతట మీరు.

నేను సరే సార్ అన్న. తెల్లారి ఇంకింత మెత్తగ వండిన.

అవు. ఎరికుండే చేసిన. మీరు తినుడు మొదలు పెడ్తె నర్సయ్యకు ఏం మిగులుతది? మీకేంది, తెలివైనోళ్లు, కావాలంటె యాడైనా తెప్పిచ్చుకుంటరు అనుకున్న. గిట్ల పుండైతదని నాకు తెల్వదు. తెల్వదు గానీ, చేసిన.

మేడంకు మీ ముచ్చట మీరే చెప్పుకోండ్రి. నాది సుత చెప్తె చెప్పుండ్రి. చక్కెర మాత్రం ఏయలే.

ఇగో, తాళంచెయ్యి. ఇగో డబ్బా. ఇయ్యాల పలుకుగ వండిన, మిర్చి ఏయలే. నాలుగు నెలల్ల మీ కోసమని వండింది గిదే. ఆ ఫోన్ పక్కకు పెట్టుండ్రి. నమలుండ్రి. మీరు తినేదాంక నేను ఈడనే నిలవడత.

నర్సయ్యనా? ఒంటిగంటైంది గద. మొన్నటిదాంక కుంటుకుంటనన్న ఆఫీసుకు వోయిండ్రు గద, ఇయ్యాల సుత మీరు దిగొస్తరని ఆడ లిఫ్ట్ దిక్కు చూస్తుంటడు. పొద్దుగాల తొక్కన్నం కట్టిస్త అంటె వద్దన్నడు, మా సారు తెస్తడు గద అని.

తినుండ్రి సార్. చల్లారుతుంది.