ప్రెసిడెంటు గారి అబ్బాయి పని చేసిన రోజు

అబ్బ, అలా అద్దంలోంచి నన్నే చూడకండి మాంగ్ టెబాన్, రోడ్డు చూడండి! నేనన్న ప్రతి ముక్కా సాయంత్రానికల్లా నాన్న చెవిలో వేస్తారని నాకు తెలీదా? వెయ్యండి. నా చిన్నప్పట్నుంచీ ఆయన కారు నడుపుతున్నారు. ఇవాళ నన్ను ఎయిర్‌పోర్టులో దింపడానికి మిమ్మల్నే పంపారంటే ఎందుకూ? మధ్యలో దిగి పారిపోకుండా చూడమనేగా?

పదోన్నతట! రాయబారి నొనొయ్ లకానిలావ్ గారు! ఎంత బావుందో కదూ వినడానికి? ఏడాదిలో సగం మంచు కురిసే దేశం. మనిలాలో ఏసీకే తుమ్మే మనిషిని నేను.

అసలు నేనెవర్నండీ? బతంగాస్‌లో పందెం కోళ్లు పెంచుకునేవాణ్ణి. పొద్దున్నే వాటికి మేత వేసి, మధ్యాహ్నం నేనింత అడోబో కూర తిని పడుకునేవాణ్ణి. ఎవరికీ అడ్డం లేను. నాన్న ప్రెసిడెంటయ్యారు. అంతే, వారం తిరక్కుండా నేను లేకపోతే ఈ దేశం నడవదని తేలిపోయింది!

రేవుల బోర్డు చైర్మన్ని చేశారు. దానికి ఇంటర్వ్యూ కూడా పెట్టారండోయ్! "ఈ పదవి మీకెందుకు కావాలి?" అనడిగారు పెద్దమనుషులు. "నాకక్కర్లేదు" అన్నాను. నిజం చెప్పాను మరి. "ఆహా, ఎంత వినయం!" అని లేచి నిలబడి చేతులు కలిపారు.

నా మొదటి ఉపన్యాసానికి హాలంతా చప్పట్లు. తర్వాత తెలిసింది, మైకు పనిచెయ్యలేదట. నా జోకులకైతే నేను ముగించకముందే నవ్వేవారు. ఓసారి తలనొప్పిగా ఉందన్నాను, దానికీ నవ్వారు!

హాయిగా గడిచిపోతోంది. రిబ్బన్లు కత్తిరించడం, ఫొటోలకి నిలబడటం, పన్సిత్ నూడుల్సు తినడం. అలాగే ఉండాల్సింది. ఆ రోజు రేవులోకి ఎందుకు దిగానో ఏమిటో.

సమార్‌లో తుఫానొచ్చి ఊళ్లకి ఊళ్లు కొట్టుకుపోయాయి గుర్తుందా? వాళ్ల కోసం తెప్పించిన బియ్యం ఓడ అది. బస్తా ఒకటి చిరిగి నా కాళ్ల దగ్గర పడింది. వంగి గుప్పెడు తీసుకున్నాను. ముద్దకట్టి, పచ్చగా బూజు. ముక్కు దగ్గర పెట్టుకోలేకపోయాను. నాకు ప్రపంచంలో తెలిసిందల్లా ఒక్కటే, మేత. అది నా కోళ్లకి కూడా వెయ్యను మాంగ్ టెబాన్!

"దింపడం ఆపండి" అన్నాను. అందరూ నవ్వారు. అలవాటు కదా! మళ్లీ అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక్కావిడ మాత్రం ముందుకొచ్చింది. మా బోర్డు లాయరు, అటార్నీ క్వింపో. "సర్, మీరు నిజంగానే అంటున్నారా?" అంది. నిజంగానే అన్నాను. గబగబా ఉత్తర్వు రాయించింది. నేను సంతకం పెట్టాను, కింద ఆవిడా పెట్టింది. ఆ మధ్యాహ్నం నాకు అన్నం ఎంత రుచిగా ఉందో ఎవరికి చెప్పుకోను!

ఆ అన్నం అరక్కముందే నాన్న ఫోను. "ఆ బియ్యం ఎవరిదో తెలుసా?"

"తెలీదు నాన్నా. కుళ్లిపోయింది."

"నీ జ్ఞానతండ్రి, నినోంగ్ సెల్సోది. నీకు బాప్తిస్మం ఇప్పించి, మన ఎన్నికంతా భుజాన మోసినవాడు."

"నాన్నా, అది తింటే పిల్లలు చస్తారు."

ఆయన ఎంతో ప్రేమగా, "నిన్ను పని చెయ్యమని ఎవరు చెప్పారు బాబూ?" అన్నారు.

కోప్పడ్డా బాగుండేది. ఆదివారం భోజనానికి పిలిచారు. అమ్మ కరె-కరె వండింది. నినోంగ్ సెల్సో కూడా వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. నాన్న గ్లాసెత్తి, "మన రాయబారికి!" అన్నారు. అందరూ చప్పట్లు. రేవుల బోర్డు మా బావకిచ్చారు. బావకి సముద్రం పడదు, పడవెక్కితే వాంతులు. అయినా మర్నాడే పని మొదలెట్టాడు. ఏం పని? ఓడ దింపించాడు. కొత్త బస్తాల్లోకి మార్పించి, వాటి మీద నాన్న ఫొటో వేయించి, సమార్ పంపించాడు.

నేను రేవుకి పరిగెత్తాను. గేటు దగ్గర కాపలావాడు సెల్యూట్ కొట్టాడు, గేటు మాత్రం తియ్యలేదు. పేపరువాళ్లకి ఫోన్ చేసి అంతా చెప్పాను. మర్నాడు పొద్దున్న ఏం వేశారో చూశారుగా? 'నొనొయ్‌కి శుభాకాంక్షలు', సగం పేజీ!

మరి క్వింపో? నా సంతకం కింద ఆవిడదీ ఉందిగా. ఆవిణ్ణి దేశం చివరి దీవి తావి-తావికి విసిరేశారు. ఆ తర్వాత ఉద్యోగమే పీకేశారు. ఒకే తప్పు చేశాం ఇద్దరం. నాకేమో దండలు.

మొన్న ఫోన్ చేసింది. ఉద్యోగం ఇప్పించమంటుందనుకుని ఏం చెప్పాలో తయారుచేసుకున్నాను. "సర్, ఆ బియ్యం పంచేశారా?" అంది. అంతే అడిగింది. నేను... "కనుక్కుంటాను" అన్నాను. పెట్టేసింది.

పంచేశారు మాంగ్ టెబాన్. సమార్‌లో గీవాన్ ఆసుపత్రిలో పిల్లల్ని వరండాలో కూడా పడుకోబెట్టారట. నీళ్లు మంచివి కావన్నారు మంత్రిగారు.

ఏంటి, అద్దం తుడుస్తున్నారు? మీ ఆవిడ వాళ్లది సమార్ కదూ? సరే, నేనేమీ అడగను.

అక్కడ దిగగానే నా మొదటి పనేమిటో తెలుసా? ఇందాకే ప్యాలెస్ నుంచి చెప్పారు. సమార్ బాధితుల కోసం ఆ దేశాన్ని బియ్యం అడగాలట! అడుగుతాను. కోటు వేసుకుని, టై కట్టుకుని, గొంతులో తడి పెట్టుకుని మరీ అడుగుతాను. మంచివాళ్లట, ఇస్తారు. ఓడ నిండా తెల్లటి బియ్యం పంపిస్తారు.

అది దిగేది మా బావ రేవులోనేగా. పోనివ్వండి.