రెండూ ఒక్కసారి నడవద్దు

హలో… ఆ, నేనే ఇంద్రజా, మీ కౌసల్యక్కనే. ముందుగాల ఒకటి చెప్పు, అమర్ ఇంటికాడ ఉన్నడా?

…బయలుదేరిండా? ఆటో మాట్లాడుకొని మరీ? అయ్యో…

లేదు లేదు, ఎవరికేం కాలే. మీ బావ మంచిగనే ఉన్నడు, డ్యూటీ దిగి వచ్చే టైమే. సంగతి ఏందంటే… గ్రైండర్ నేను ఇయ్య.

…

హలో? లైన్ల ఉన్నవా?

…ఆ, ఇస్త అన్న. నేనే అన్న. మొన్న ఏడ్చుకుంట ఇస్త అన్న, ఇయ్యాల నవ్వుకుంట ఇయ్య అంటున్న. నీ మొగడు బొంతపల్లి నుంచి ఉత్తగనే వస్తున్నడు, అది నా తప్పే. జెర విను, తర్వాత తిట్టు.

…మీ బావ ఎందుకు తీసెయ్యమన్నడు? కరెంటు బిల్లు. మాది జీరో బిల్లు ఉండె గదా. రెండు వందల యూనిట్ల లోపలుంటే ఏం కట్టేది లేదు. చలి షురూ అయినంక దాటింది. దాటితే ఇగ మొత్తం మన నెత్తి మీదనే. మీ బావ ఇల్లంత కలె తిరిగిండు. "నీ పిండి రాయే తింటుంది కరెంటు" అన్నడు. ఇంట్ల గంటలు గంటలు చప్పుడు చేసేది అదొక్కటే గదా, నింద దాని మీదనే పడ్డది.

…ఆయనకు తెల్వదా అంటే ఏం చెప్పాలె. పాశమైలారంల ఇన్నేండ్ల సంది చేస్తున్నడు. వాళ్ల కంపెనీల ఒక కానూన్ ఉన్నదట. పెద్ద మిషన్లన్నీ ఒక్కసారి నడిపితే లోడ్ ఎక్కువైతదట, దానికి వేరే జుర్మానా పడతదట. అందుకని ఒకటి ఆపి ఇంకోటి పెడతరు. కంపెనీకి అది నిజమే. మీ బావ దాన్ని మోసుకొచ్చి మా వంటింట్ల పెట్టిండు, వాడకట్టుల అందరికి సుత నేర్పిండు.

…ఆ, రెండూ ఒక్కసారి నడవద్దు. మిక్సీ పెడితే ఫ్యాన్ బంద్. ఇస్త్రీ చేస్తే టీవీ బంద్. నిషిత ఫోన్ చార్జింగ్ పెట్టాలంటే వాళ్ల నాయినను అడుగుతది, "ఇప్పుడు నా నంబరా" అని.

…నవ్వకే. మొన్న పక్కింటి సత్తయ్య మామ వచ్చి కూసున్నడు. నేను మిక్సీల చట్నీ పడుతున్నని మీ బావ ఆయన నెత్తి మీది ఫ్యాన్ బంద్ చేసిండు. దోమలు పీక్కతిన్నయి పాపం, చాయ్ సగంల ఇడిచి పోయిండు.

…బిల్లు తగ్గుడా? ఏడ తగ్గుతది. ఇంకింత పెరిగింది.

ఇగ అసలు ముచ్చట విను. పొద్దున నిషిత కాలేజీకి పోయినంక నాకు మస్తు కోపమొచ్చింది. గ్రైండర్ ఎట్లాగూ పోతుంది, పోయే ముందు అది ఎంత తింటదో నా కండ్లతోని చూస్త అనుకున్న. మీటర్ మీద చిన్న ఎర్ర లైటు ఉంటది చూడు… ఆ, మిణుకు మిణుకు అంటది, అదే. కరెంటు ఎంత గుంజితే అంత జోరుగ కొట్టుకుంటది. ఇంట్ల అన్నీ బంద్ చేసిన. ఫ్రిజ్ సుత. లైటు ఆగాలె గదా?

…ఆగలే. పోలీసు బండి మీది లైటు లెక్క కొట్టుకుంటుంది.

…నాకూ భయమైంది. ఎవడన్న వైరు తగిలించి మన కరెంటు వాడుకుంటున్నడేమో అనుకున్న. ఇల్లంత వెతికిన. బాత్‌రూంల చూస్తే ఏముంది… గీజర్ ఆన్ మీదున్నది. తానం చేసేటోళ్లు ఎవ్వరు లేరు.

…మీ బావనే. తెల్లారక ముందే లేచి గీజర్ పెడతడు. ఎందుకు అంత జల్దీ? ఆ వెనక బోరు మోటార్ పెట్టాలె గదా, రెండూ ఒక్కసారి నడవద్దు గదా. తను తానం చేసి డ్యూటీకి పోతడు, గీజర్ అట్లనే ఉంటది. అడిగితే, "నీళ్లు కాగినంక అదే కట్ అయితది, కట్ అయినంక ఖర్చు లేదు" అంటడు.

…కట్ అయితది, నిజమే. నీళ్లు చల్లారుతయి, మళ్ల అదే పెట్టుకుంటది. నేను మీటర్ కాడ నిలవడి చూసిన. ఆగుతది, మళ్ల ఉరుకుతది. ఎవ్వరి కోసం కాగుతున్నయో ఆ నీళ్లకే తెల్వాలె.

…గ్రైండర్ కూడ పెట్టి చూసిన. నింపాదిగ కొట్టుకుంది లైటు. స్టిక్కర్ చదివిన, రెండు ఫ్యాన్లంత కూడ గుంజదు. గీజర్ ఒక్కటి పాతిక ఫ్యాన్ల పెట్టు. ఇంటి బిల్లుల ఎక్కేది యూనిట్లే చెల్లె. పక్కపక్కన నడిచినా, ఒకదాని వెనక ఒకటి నడిచినా అవే యూనిట్లు. ఏది ఎంత గుంజుతది, ఎంతసేపు నడుస్తది, గంతే.

…ఆ. నీకూ పిండికి తిప్పలే, నాకు తెల్వదా. గని ఒక మాట చెప్త, నవ్వొద్దు. పొలం కంపెనీల కింద పోయినంక నన్ను ఏదన్న అడిగేటోళ్లు లేకుండె. రూములల్ల ఉండే లేబర్ వచ్చి గేటు కాడ నిలవడి "దీదీ, దోశ కా ఆటా హై?" అని అడిగి దోశ పిండి కొనుక్కపోతరు చూడు… అది నాకు మస్తు ఇష్టం. గ్రైండర్ పోతుందంటే నాకు బువ్వ సయించలే.

…

ఏందే, ఏడుస్తున్నవా?

…జలుబా. సరే, జలుబే.

ఆగు, గేటు చప్పుడైంది… ఇద్దరూ వచ్చిన్రు, గేటు కాడనే కలిసిన్రట. ఫోన్ పెట్టకు, చేతుల పట్టుకుంట. అమర్, దిగు. చెప్త, అన్నీ చెప్త. ముందు బాత్‌రూంలకు పోయి గీజర్ స్విచ్ వెయ్యి. ఏమయ్యా, నువ్వు ఇట్ల రా, మీటర్ కాడికి. ఆ లైటును చూడు… చూస్తున్నవా?

మోటార్ నడుస్తలేదు. ఏదీ నడుస్తలేదు. అమర్, ఇగ బంద్ చెయ్యి… చూసినవా, లైటు ఆగింది?

…

ఇంద్రజా, ఉన్నవా… మీ బావ లైటు కాడనే ఉన్నడు. నిలవడి చూస్తుండు. వాడకట్టు మొత్తానికి ఈయనే నేర్పిండు గదా, ఇప్పుడు ఎవరికి ఏం చెప్పుకోవాలె. పాపం అనిపిస్తుందే నాకు.

…లోపలికి పోయిండు. చెప్పులు సుత ఇడవలే.

…అమర్‌కు పిండి డబ్బ ఇచ్చి పంపుత. ఆటో ఖాళీగ రాదు తీ. వారం వారం పంపుత, ఒట్టు. రేపు పొద్దున దోశలు పోసుకోండ్రి, పొంగకుంటే నన్ను అడుగు.

…ఏం చప్పుడా? నేను ఇంకా మీటర్ కాడనే ఉన్న…

గ్రైండరే. మీ బావ పెట్టిండు.

…ఆగు, కిటికీల నుంచి కనబడుతుంది. ఫ్యాన్ కూడ తిరుగుతుంది. ఆయనే వేసిండు. రెండూ ఒక్కసారే ఇంద్రజా, రెండూ ఒక్కసారే నడుస్తున్నయి…

…అయ్యో, పప్పు పొయ్యలే, ఉత్త రాయిని తిప్పుతున్నడు. పెట్టేస్తున్న చెల్లె…

ఏమయ్యా, ఆగు, రాయి అరుగుతది. నేనొస్తున్న…