ముప్పై ఒక్క డిగ్రీలు

కొలతల గదిలో ఆమె ఒక నమూనాకు వెండి జిగురుతో తీగలు అతికిస్తోంది. కింది అంతస్తులో సిద్ధాంతం లెక్కలు చేసే మరిది తలుపు తీసుకుని నిలబడ్డాడు.

“లోపలికన్నా రా, బయటికన్నా పో. గాలికి జిగురు ఆరిపోతోంది.”

“రేపు థీసిస్ ఇవ్వటం లేదు వదినా.”

“మీ అన్నయ్యకి చెప్పావా?”

“ముందు నీకే.”

“ప్రింటర్ పాడైందా?”

“నాలుగో అధ్యాయం పాడైంది.”

“నీ థీసిస్సే అది కదయ్యా. ఈ ఆక్సైడు ముప్పై ఒక్క డిగ్రీలు దాటితే లోహంలా కరెంటు పారనిస్తుంది, దిగితే ఆపేస్తుంది అని నువ్వు ముందే చెప్పావు. ఆనక నా కొలతా అదే అంది. పేపర్ కూడా వేశాం. ఇంకేం కావాలి?”

“ముందే చెప్పలేదు.”

“సెమినార్‌లో ముందు వరుసలో కూర్చుని విన్నాను.”

“అంతకు ముందు ఓ రోజు ఇంటి తాళం కోసం ఇక్కడికొచ్చా. నువ్వు లేవు. నీ నోటుబుక్కు తెరిచి ఉంది.”

“ఉంటే?”

“ముప్పై ఒకటి అని ఉంది.”

“చూస్తే కళ్లు పోతాయా?”

“చూసి ఊరుకోలేదు. ఒకే పరమాణువు మీద రెండు ఎలక్ట్రాన్లు చేరితే ఒకదాన్నొకటి ఎంత తోసుకుంటాయో, మోడల్‌లో ఆ విలువ—”

“నాకు పాఠాలు చెప్పకు. ఎంత మార్చావు?”

“మూడు పాయింట్ ఎనిమిది ఉండేది. దాంతో పది డిగ్రీలే వచ్చేది. నాలుగు చేశా. ముప్పై ఒకటి వచ్చి కూర్చుంది.”

“పది వచ్చేదా?”

“పది, పదకొండు. ఏం?”

“ఏం లేదు. నాలుగు తప్పేం కాదుగా. మీ సిద్ధాంతం వాళ్లంతా మూడున్నర నుంచి నాలుగున్నర దాకా ఏదో ఒకటి పెడుతూనే ఉంటారు.”

“జవాబు చూసి పెట్టరుగా. పైగా ‘ముందే ఊహించాం’ అని రాశా. నీ అంకె నీకే తిప్పి చెప్పా వదినా.”

“గైడుకి తెలుసా?”

“సాయంత్రం చెప్తా. ఆ అధ్యాయం మొత్తం తిరగరాస్తా. ముందు నీ కొలత, తర్వాత నా లెక్క. ఏడాది పోతుంది. పోతే పోయింది. నా లెక్క ఎలా ఏడ్చినా నీ కొలత గట్టిదేగా, దాన్ని పట్టుకునే మొదలుపెడతా.”

“ఆ పేజీలో ఇంకేం చూశావు?”

“అదొక్కటే, అడుగున. ఎవరో వస్తున్న అలికిడైతే పక్కకి జరిగా.”

“పైన చూడలేదా?”

“లేదన్నానుగా. తిడితే తిట్టు, ఈ ఆరాలేంటి?”

“కూర్చో.”

“గైడుగారు ఎదురుచూస్తుంటారు.”

“చూడనీ. కూర్చోమన్నానా. ఐదు నమూనాలు కొలిచాను. నాలుగింటికి పది డిగ్రీల దగ్గరే వచ్చింది. ఐదోది ముప్పై ఒకటి. దాని అంచు పగిలి ఉంది. లెక్కలోకి రాదులే అని అడుగున రాసి వదిలేశా.”

“మరి పేపర్‌లో ముప్పై ఒకటే—”

“పది రోజులకి నువ్వు సెమినార్‌లో బోర్డు మీద అదే అంకె వేశావు. మరిది లెక్క తప్పదులే అని, ఆ నాలుగూ పారేశాను.”