మెడ చుట్టూ నల్లటి గీత

అరవై తొమ్మిదిలో, జై తెలంగాణ బందులకు బస్సులు నిలిచిపోయిన రోజులు. తండా రైతు ఒకడు భార్యను ఎడ్లబండిలో జనగామ దవాఖానకు తెచ్చి చూపించాడు. తర్వాత ఆమెను బండిలో కూర్చోబెట్టి, ఒక్కడే మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వచ్చాడు.

"ఆమె మెడ సూసిన్రా అమ్మా? సుట్టూత నల్లగ గీత. తాడు ఏసుకున్నదేమోనని నాకు బుగులు."

"అడిగినవా?"

"అడగనీకె భయమైతుంది. ఎవ్వలతోని మాట్లాడది, ఒక్కతే ఏడుస్తది. ఇంట్ల తాళ్లన్నీ దాసిపెట్టిన. బర్రెను గూడ కట్టేస్తలేను."

"అది తాడు గీత గాదయ్యా. చేతులు, పాదాలు గూడ గట్లనే మాడినయి. ఏం తింటున్నది?"

"జొన్నరొట్టె, కారం. ఇంత పప్పు దొరికితే పిల్లలకే పెడ్తది."

"గదే రోగం. ఉట్టి జొన్నలే తింటే ట్రిప్టోఫాన్ అనే సత్తువ ఒంటికి అందదు. తోలు మాడుతది, నరాలు, మనసు గూడ దెబ్బతింటయి. మందులిస్త. పాలు, పప్పు, గుడ్లు పెట్టు. గీత పోతది."

అతని గుండెల మీంచి బండ దిగినట్టయింది.

"బతికిచ్చిన్రమ్మా! ఇంటికి పోంగనే తాళ్లు తీస్త."

"జర ఆగు. గీత తాడుది గాదు గని, సావాలన్న ఆలోచన గూడ గీ రోగమే తెస్తది. తాళ్లు ఇప్పుడే తియ్యకు."

ఎడ్లను విప్పి, పగ్గాలను బండిలో ఆమె పక్కనే పడేసి వచ్చిన సంగతి అతనికి అప్పుడు గుర్తొచ్చింది. మందులు కూడా తీసుకోకుండా బయటికి పరుగెత్తాడు.