దిబ్బ లేని చోట దీపం

కాపలా గూడు వైపు మనవాళ్లెవరూ పడవ తిప్పరు, ఎందుకో తెలుసా మీకు? తెలీదు. తెలిసినట్టు తలలూపకండి. మధ్యలో లేచేవాడుంటే ఇప్పుడే లేచిపొండి.

యుద్ధంనాడు జపానువాడొస్తాడని సోల్జర్లు మన ఎర్రదిబ్బ అంచున సిమెంటు గూడొకటి కట్టారు, సముద్రం వైపు కళ్లలా రెండు కంతలు, లోపల తుపాకీతో ఒకడు. యుద్ధమైపోయి వాళ్లెళ్లిపోయాక ఆ గూడు మన పడవలకి దారి గుర్తయింది. సముద్రంలోంచి చూస్తే గూడు సరిగ్గా వెనకాలున్న చింతచెట్టు కిందకొచ్చిందంటే బండల మధ్య దారి దొరికినట్టే, పడవ ముక్కు తిప్పేయడమే. మా అయ్య నాకు నేర్పాడు, నేను నా కొడుకు దాసుకి నేర్పాను.

మరి సముద్రం ఊరుకుంటుందా? ఏడాదికింత చొప్పున దిబ్బని కొరుక్కు తింటా వచ్చి, ఒక తుపానుకి గూడునీ చెట్టునీ కలిపి లాగేసింది, అవి పోయి ఆ దారిలోనే పడ్డాయి. ఊరంతా చూశాం. ఆనాటినుంచీ పడవలు ఉత్తరపు ఒడ్డుకే.

అదిగో, ఆ యేడు దాసు వాళ్ల మావ పోలయ్య పడవెక్కాడు. పోలయ్యంటే నా వియ్యంకుడే, పడవ నడిపించే తండేలునని మీసం తిప్పేవాడు. నన్నడగొద్దా? అడగలేదు. పొద్దుగూకేవేళ మేం ఒడ్డున నిలబడి చూస్తానే ఉన్నాం, ఉత్తరానికి రావలసిన పడవ పాత దారికి తిరిగింది. తువ్వాళ్లూపాం, అరిచాం, అది పోయి నీళ్లలో ఉన్న సిమెంటు దిమ్మకి కొట్టుకుని రెండు చెక్కలైంది.

పోలయ్య ఈదుకొచ్చాడు, దాసు రాలేదు. గుడ్డివాడివా అని అడిగితే, "లేదు బావా, దిబ్బ మీద గూడుంది, వెనకాల చెట్టుంది, ఒక కంతలో దీపం పెట్టి ఎవడో రమ్మని చెయ్యూపాడు, దాసే ముందు చూశాడు, నా చెయ్యి దానంతటదే తిరిగింది" అన్నాడు. తాగున్నావని ఉమ్మేసి వచ్చాను.

తర్వాత ఓ మునిమాపు నేనే తెప్పేసుకుని అటు వెళ్లాను, వల లాగుతా తలెత్తితే ఏముంది, గూడు. చెట్టు. ఈసారి రెండు కంతల్లోనూ దీపాలు. ఒకదాంట్లోవాడెవడో నాకు తెలీదు. రెండోవాడు పుర్రచెయ్యి ఊపుతున్నాడు. మా దాసుది పుర్రచేతి వాటం. గూడు సరిగ్గా చెట్టు కిందే ఉంది, నేను నేర్పినట్టే ఉంది, అయ్యా రా అన్నట్టే ఉంది. తెప్పని ఉత్తరానికి తిప్పాను. కన్నకొడుకు పిలుస్తుంటే తిప్పాను, వెనక్కి చూళ్లేదు.

పోలయ్య చెప్పింది నిజమే, సరే. అయినా తర్వాత పోలయ్య పోతే, వాడి దినానికి నేను వెళ్లలేదు.

మీరు వెళ్తే వెళ్లండి, నాకేం. అటు దీపం కనిపిస్తే అక్కడ దిబ్బే లేదని గుర్తుంచుకోండి. ఉన్నవి రెండు కంతలు, రెండూ నిండాయి. మూడోవాణ్ని ఎక్కడ కూర్చోబెడతారో చూడాలనుంటే వెళ్లండి.